కుడితికి పాలు

కాచి చల్లార్చిన పాలగిన్నె మూత తీసి గురువమ్మ మొహం చిట్లించింది.

"చూస్తివా? ఈపొద్దు గూడా మీగడ లేదు. నారాయణమ్మ నీళ్ళు పోస్తుండాది."

మంచం మీద మొగుడు నంజుండప్ప దగ్గు ఆపుకున్నాడు. గని మూతపడిందిగానీ, దాని దుమ్ము ఆయన రొమ్ములోనే ఉండిపోయింది. పూటకు ఇన్ని పాలు తప్ప ఆయన ఒంటికి ఇంకేమీ పట్టడం లేదు.

"పోనీలే. నోటికి బాగానే ఉండాయి."

"పోనిచ్చేదానికి ఊరికే ఇస్తుండాదా ఏమి?"

ఊరికే తీసుకునే రకం కాదు గురువమ్మ. గని మూసిన కొత్తలో, అదే గని ఇళ్ళ లైనులో చివరింటి నారాయణమ్మ చెంబుడు పాలు తెచ్చి "బావకు తాపించక్కా" అంటే, గడప దాటనివ్వకుండా తిప్పి పంపింది. మర్నాడు తనే కుండెడు కుడితి నెత్తిన పెట్టుకుని ఆమె కొట్టానికి పోయింది. "మీ ఆవుకు నా కుడితి, మా ఇంటాయనకు నీ పాలు. సరేనా?" అని బేరం కుదుర్చుకుంది.

అప్పటినుంచి ఆ కుండ విషయంలో ఆమెకు మహా పట్టింపు. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కులు, మిగిలిన సంగటి అన్నీ అందులోకే. మిరపతొడిమ పడితే ఏరి పారేస్తుంది. పైన గుప్పెడు రాగిపిండి కలుపుతుంది. ఆ గుప్పెడూ తన ముద్దలోంచి తగ్గించుకున్నదే.

అంత చిక్కటి కుడితి తాగిన ఆవు ఇంత పల్చటి పాలిస్తుందా?

అనుమానం పెనుభూతం. తవ్వేకొద్దీ బయటపడుతూనే ఉంది. ఉగాది దాటినప్పటినుంచి నారాయణమ్మ ఆమెను కొట్టం వైపు రానివ్వడం లేదు. "బావను విడిచి నువ్వు రావద్దక్కా, నేనే వచ్చి ఎత్తుకపోతా" అంటోంది. అలుక్కోవడానికి పేడ అడిగితే, ఎవరికో ఇచ్చేశానంటుంది.

సాయంత్రం కుడితి కోసం నారాయణమ్మ వచ్చినప్పుడు గురువమ్మ కదిలించి చూసింది.

"ఆవు బాగా ఇస్తుండాదా?"

"ఇస్తుండాదిలే అక్కా, చాలినన్ని."

"పేటలో హోటలుకు గూడా పోస్తుండావా ఏమి?"

 నారాయణమ్మ కుండ ఎత్తుకుని తల దించుకుని వెళ్ళిపోయింది. తప్పు చేయనివాళ్ళు తల దించుకుంటారా?

తెల్లారీ తెల్లారకముందే, నీళ్ళకని మొగుడితో చెప్పి, తిన్నగా నారాయణమ్మ పెరట్లోకి నడిచింది. కొట్టం తలుపు మూసి ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని నారాయణమ్మ డెయిరీ పాల పాకెట్టు మూల కత్తిరించి చెంబులోకి వంచుతోంది. రోజూ గురువమ్మ ఇంటికి వచ్చే చెంబే అది.

"ఓహో! ఆవు పాలు హోటలుకు, మాకు పాకెట్టు పాలా? నేను రాగిపిండి కలిపి పంపిస్తే నువ్వు చేసే పని ఇదేనా? రోగిష్టి మనిషి నోటికాడివి గదే అవి!" అంటుండగానే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

నారాయణమ్మ లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అరవద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా, ఇంటికి పో. పాలు నేను తెచ్చిస్తా."

"లే అడ్డం! ఆ ఆవును నా చేతుల్తో నేనే పిండుకుని పోతా. ఊరికే గాదు, నా కుడితికి!"

"వద్దక్కా. ఈ తలుపు తీస్తివంటే రేపట్నించి బావకు నువ్వు పాలు తీసుకోవు."

ఆ మాట గురువమ్మ చెవికెక్కలేదు. ఆమెను పక్కకు నెట్టి, బిగుసుకుపోయిన గడియను రెండు చేతులతో లాగి, తలుపు తోసింది.

గాడికి, కట్టుకొయ్యకు బూజు పట్టి ఉంది. కొట్టంలో ఆవు లేదు.