కొత్త మోడల్ చప్పుడు

“కొత్త మోడల్‌ల ఇంజన్ చప్పుడే సచ్చిపోయిందన్నా. పాతది స్టార్ట్ చేస్తే గుండె ఝల్లుమంటుండె,” అన్నాడు పక్క సీట్లోంచి మెకానిక్ లింగస్వామి.

“ముందు స్పీడు చూడరా. తెలంగాణ బంద్ గదా, ఇయ్యాల రోడ్డంత మనదే,” అన్నాడు చైతన్య.

అతని జపాన్ స్పోర్ట్స్ కారు దిల్‌సుఖ్‌నగర్ దాటేసింది. ఎవరూ ఆపకూడదని నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ని కప్పేస్తూ ‘టీజీ’ స్టిక్కరు పొద్దున్నే అంటించాడు.

ఎల్బీనగర్‌లో నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. పొయ్యి దగ్గరున్న ముసలామె స్టిక్కరు చూసి, రెండు విస్తళ్లలో కిచిడీ తెచ్చింది.

“మనోళ్లే! ఏ మీటింగుకు పోతున్నరు బిడ్డా?”

“నల్లగొండకమ్మా,” అన్నాడు చైతన్య, ఆమె ముఖం చూడకుండా.

“అయితే అక్కడోళ్లకు గూడ జర తీస్కపోండ్రి.”

గిన్నె అడుగున మిగిలిందంతా ఊడ్చి కవర్లో కట్టింది.

“మరి నీకమ్మా?” అన్నాడు లింగస్వామి.

“నాదేముంది, మళ్ల వండుకుంట.”

ఇద్దరూ విస్తళ్లు తినకుండానే పక్కన పెట్టారు. లింగస్వామి ఒళ్లో కవరు కాలుతోంది.

జనం జరిగి దారిచ్చారు. చైతన్య కారు స్టార్ట్ చేశాడు.

“మెల్లగ పోనియ్యన్నా,” అన్నాడు లింగస్వామి, తల దించుకుని. “ఎంత చప్పుడు చేస్తున్నదో సూడు.”