కొండ మీది నీళ్ళు

కొండ ఎక్కకూడదన్నాడు విశ్వేశ్వరరావు.

కొండ మీది దేవుడి జోలికి తాను వెళ్ళడం లేదంది శేషారత్నం.

కొత్తపేటలోని ఆ ఇంటి ముందుగదిలో పొద్దుటి నుంచీ ఇదే వాదన.

భానుమూర్తి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. సంవత్సరీకం కాకుండా ఆ ఇంటివాళ్ళు ఏ కొండా ఎక్కరాదని ఆయన తమ్ముడు విశ్వేశ్వరరావు పట్టు. కొడుకునూ, కోడలినీ, మనవరాలినీ వెంటబెట్టుకుని ఈ వేసవికే కొడైకెనాల్ వెళ్ళాలని, సరస్సు ఒడ్డునున్న ఆ కాటేజీలోనే దిగాలని శేషారత్నం పట్టు.

ఆ కాటేజీని ఎంచింది భానుమూర్తే.

వరండాలో కూర్చుంటే కాళ్ళ ముందే నీళ్ళు. నీళ్ళ మీద పొగమంచు. మంచు వెనక కొండలు.

ఫోనులో ఆ బొమ్మ చూపించి భార్యను ఊరించేవాడు. ఒక వేసవి కోడలి పురుడన్నాడు. ఒక వేసవి ఇంటి మీద అంతస్తన్నాడు. ఒక వేసవి మోకాళ్ళన్నాడు. ఆ తరువాతి వేసవిని చూడకుండానే వెళ్ళిపోయాడు.

కొడుకు గౌతమ్ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాడు. చైతన్యపురిలో ట్రావెల్స్ ఆఫీసు నడిపే పట్టాభిని అడిగితే, ఆ రోజులకు ఆ కాటేజీని ఎల్బీనగర్ వాళ్ళెవరో ముందే తీసుకున్నారని, సంగతి చెప్పి వాళ్ళను అడిగి చూస్తానని అన్నాడు. వాళ్ళు ఒప్పుకోకపోతే బాగుండునని గౌతమ్ లోలోపల కోరుకున్నాడు. తల్లికి కాదని చెప్పే పని తనకు తప్పుతుంది.

గేటు చప్పుడైంది.

గుమ్మంలో యాభై దాటిన ఒకామె నిలబడి ఉంది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండా గాజులు.

"నేను..." అని ఆమె మొదలుపెట్టింది.

"పై వాటా కోసమేగా? కూర్చోండి, తాళంచెవి తెస్తాను" అన్నాడు గౌతమ్.

గేటుకు టులెట్ బోర్డు కట్టినప్పటి నుంచీ ఆ ఇంటికి వచ్చేవాళ్ళంతా అందుకే వస్తున్నారు. అతడు లోపలికి వెళ్ళాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

వాదన ఆగలేదు.

"ఏటి మైలలో ఉన్నాం వదినా. నలుగురూ ఏమనుకుంటారు?"

"మైల దేవుడికి. సరే, గుడి మెట్టు తొక్కను. చెరువుకేం మైల విశ్వం?"

"అన్నయ్య ఉంటే దీనికి ఒప్పుకునేవాడా?"

"ఒప్పుకునేవారు కాదు. మీ అన్నయ్య దేనికీ ఆ ఏడాది ఒప్పుకోలేదు. అన్నీ వచ్చే ఏడాదే. ఆ మాట నమ్మి ఊరుకున్నాను. ఇక ఊరుకోను."

కుర్చీ అంచున ఉన్నామె అప్పుడు నోరు విప్పింది.

"అక్కా, నీకు పోవాల్నని ఉందా?"

శేషారత్నం ఉలిక్కిపడి చూసింది. "ఉంది."

"ఐతే పో. అడిగితె అందరు వద్దనే అంటరు. అడగకు. చెప్పు."

విశ్వేశ్వరరావు ముఖం ఎర్రబడింది. పరాయి ఇంటి మాటల్లో దూరడం ఏ మర్యాదని అడిగాడు. మీ వైపు ఆచారాలు వేరేమో గాని మాకు కొన్ని పద్ధతులున్నాయన్నాడు. అంతటితో ఆగలేదు.

"పసుపు కుంకుమలతో చల్లగా ఉన్నావు. మొగుడు పోయిన ఇంటి కష్టం నీకేం తెలుస్తుంది? వాటా చూడ్డానికి వచ్చావు, చూసి వెళ్ళు."

ఆమె శేషారత్నం వైపు ఒక్కసారి చూసింది.

శేషారత్నం మరిది మాటను తప్పనలేదు. ఆ బొట్టు వంక, ఆ గాజుల వంక చూసి, నిజమే కదా అనుకుంది. ముఖం తిప్పుకుంది.

గౌతమ్ తాళంచెవి తెచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గేటు బయట ఆటో మలుపు తిరుగుతోంది.

పేరైనా అడగలేదు ఎవరూ. మంచినీళ్ళైనా ఇవ్వలేదు.

ఇలాంటివాళ్ళకు ఇల్లివ్వకపోవడమే మేలన్నాడు విశ్వేశ్వరరావు.

శేషారత్నం లేచి నిలబడింది.

"విశ్వం, నేను అడగడం లేదు. చెబుతున్నాను. కాటేజీ దొరికితే కాటేజీలో ఉంటాను. దొరక్కపోతే ఆ ఒడ్డున చాప పరుచుకుని కూర్చుంటాను. గౌతమ్, మీరొస్తే మీతో, రాకపోతే ఒక్కదాన్నే."

సంవత్సరీకానికి తనను పిలవొద్దంటూ విశ్వేశ్వరరావు చెప్పులు వేసుకున్నాడు.

"పిలుస్తాను. రావడం నీ ఇష్టం" అంది శేషారత్నం.

మధ్యాహ్నం పట్టాభి ఫోను చేశాడు. కాటేజీ ఖాళీ అయిందట. తీసుకున్నవాళ్ళే వదులుకున్నారట.

శేషారత్నం కొడుకు చేతిలోని ఫోను అందుకుంది.

"ఎవరండీ వాళ్ళు? ఒక్కసారి మాట్లాడాలి."

"అదేంటమ్మా, అడ్రసు తీసుకుని పొద్దున మీ ఇంటికే వచ్చారుగా? ఆ కాటేజీ అంతగా కోరుకుంటున్న మనిషిని చూస్తానన్నారు. అండాలమ్మగారు. పెద్ద బొట్టు పెట్టుకుంటారు."

పొద్దున వచ్చినావిడే వాళ్ళని శేషారత్నం కొడుక్కి చెప్పింది.

ఆవిడ ఆ సంగతి చెప్పనే లేదే అన్నాడు గౌతమ్.

చెప్పనిచ్చామా అంది తల్లి.

ఆమె మళ్ళీ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "పట్టాభిగారూ, అందులో రెండు గదులున్నాయి. ఆవిణ్ణీ, వాళ్ళాయన్నీ కూడా మాతో రమ్మంటాను. ఇల్లెక్కడో చెప్పండి, నేనే వెళ్ళి పిలుస్తాను."



"ఆయన మొన్న మాఘంలో పోయారమ్మా" అన్నాడు పట్టాభి. "ఒక్కరే వెళ్తానని ఆమె బుకింగ్ అట్లాగే ఉంచుకున్నారు. పొద్దున మీ ఇంటి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చి, 'ఆ అక్కను ఆపెటందుకు ఇంటి నిండ మనుషులున్నరు, ముందుగాల ఆమెను పోనియ్యుండ్రి. నన్ను వద్దనెటందుకు ఎవలున్నరు' అని చెప్పి వెళ్ళిపోయారు."