కుషిరో పొగమంచు

"నా నోటి దగ్గర నీ ముక్కెందుకోయ్ అరమాకీ? ఊది చూసే మందు పరీక్షలో నాకు సున్నా వచ్చింది, చూశావుగా," అన్నాడు కెప్టెన్ కుజుమె, విమానం ఎక్కేముందు పటాలు చూసుకునే గదిలో.

"క్షమించండి కెప్టెన్," అంటూ కో-పైలట్ తల వంచాడు.

వీడు పైవాళ్లకు తన మీద చాడీలు మోస్తున్నాడని కుజుమె అనుమానం. వాసన అందకుండా, వాతావరణ పటం నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు.

"మనం దిగాల్సిన కుషిరోలో పొగమంచు వీడకపోతే విమానం ఎక్కడికి మళ్లిద్దాం?"

అరమాకికి ఎడమ పక్కనే కూర్చుని అడిగినా జవాబు రాలేదు. మళ్లీ అడిగితే, అరమాకి కళ్లు పటం వెనక ఆయన పెదవుల కోసం వెతికాయి.

కుజుమె పటం దించాడు.

"ఎడమ చెవా?"

"కొంచెం వినిపిస్తుంది కెప్టెన్."

"విమానంలో నేను కూర్చునేది ఆ పక్కనే కదయ్యా."

"చెప్తే నా లైసెన్స్ పోతుంది."

కుజుమె లేచి, అతని కుడిపక్కకు వచ్చి కూర్చున్నాడు.

"డాక్టరుకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"