నత్తకు తగ్గిన మందు

చెరువులో ఉండే ముసలి తాబేలు దిగులుకు మందు చెబుతుంది. ఒకప్పుడు తనకు దిగులు పట్టుకుంటే డిప్పలోకి ముడుచుకుని, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంది. తగ్గిపోయింది. అప్పట్నుంచీ ఎవరొచ్చినా అదే మందు. నత్తకు కూడా దాంతోనే నయమైంది.

ఒకరోజు గిజిగాడు పిట్ట వచ్చింది. "మనసు బాగుండటం లేదు తాతా. గింజ ముట్టబుద్ధి కావడం లేదు," అంది.

మిగతా మాట వినకుండానే తాబేలు చెప్పేసింది. "ఇంట్లోకి పోయి తలుపేసుకో. వారం దాకా బయటికి రాకు."

గిజిగాడు తలూపి వెళ్లింది. వారం తర్వాత వానకు తడిసి, చిక్కి సగమై తిరిగొచ్చింది.

"చెప్పినట్టు చేశావా?"

"కొమ్మ మీదే కళ్లు మూసుకుని కూర్చున్నాను తాతా."

"కొమ్మ మీదేంటి? ఇంట్లో ఉండమన్నానా లేదా? నత్తను చూడు, ఎంత బుద్ధిగా చేసిందో."

"నత్తకు ఇల్లు వీపు మీదే ఉంది. నా గూడు గాలికి కొట్టుకుపోయింది. ఆ దిగులుతోనే మీ దగ్గరికొచ్చాను."

"ఆ మాట అప్పుడే చెప్పొద్దూ?"

"మీరు అడగలేదు."

తాబేలు మెడ పూర్తిగా బయటికి చాచి, "ఇలా నీడలో కూర్చో," అంది. "ఆ గూడు ఎలా ఉండేదో చెప్పు."