దింపుడు కళ్లం

చనిపోయినవాళ్ల గొంతులు ఇళ్లలోనే ఉండిపోవడం మొదలయ్యాక, వాటిని ఆర్పడానికి వచ్చే మనిషికి ఎవరూ కొత్త పేరు వెతకలేదు. కాటికాపరి అనే పిలిచారు. నూకరాజు ఆ పనిలోనే ముసలివాడయ్యాడు.

"కాడే లేదు కదా తాతా, ఇంకా ఆ పేరేటి?" అంది సత్యవేణి, వంటింటి గోడకున్న పెట్టె చూపిస్తూ. అందులో ఆమె తల్లి గొంతు ఉంది.

"మా అయ్య కాట్లోనే ఉండీవోడమ్మా. అందరూ ఎనక్కి సూడకుండా ఎల్లిపోతే, కట్టె కాలీదాకా కాసుకుని కూకునీవోడు. అదే కాపరితనం. ఇప్పుడు కాడు మీ ఇంట్లోకొచ్చింది."

"మీ నాన్న తిన్నాడేటే?" అంది పెట్టె.

తండ్రి పోయి ఏడాదైంది. చెప్పిన ప్రతిసారీ ఆ గొంతు అప్పుడే విన్నట్టు గొల్లుమనేది. తెల్లారితే మరిచిపోయి మళ్లీ అడిగేది. అది భరించలేకే సత్యవేణి కబురు పెట్టింది.

"కాటికెళ్లే దారిలో పాడె దింపి సెవిలో మూడుసార్లు పిలిచీవోరు. పలక్కపోతేనే ముందుకు. నువ్వూ పిలమ్మా."

ఈ పనిలో పలకని శవం నూకరాజుకు ఒక్కటీ ఎదురుపడలేదు. అయినా ఆనవాయితీ మానలేదు.

"అమ్మా," అంది సత్యవేణి.

"ఏటే?"

"అమ్మా."

"సెప్పు తల్లీ."

మూడో పిలుపు సగంలోనే ఆగిపోయింది.

"ఇలా పిలుస్తున్నావేటే? నాను పోనానేటి?" అంది పెట్టె.

"ఎనక్కి సూడకుండా ఎల్లమ్మా," అని సత్యవేణిని పంపేసి నూకరాజు మీట నొక్కాడు. పెట్టె చల్లారేదాకా పక్కనే కూర్చుని, అది అడిగినప్పుడల్లా "తిన్నాడమ్మా, తిన్నాడు" అంటూనే ఉన్నాడు.