రెండొందల పద్నాలుగో మాట

దేశాన్నేలే పెద్దాయన పెదవులు కదులుతున్నాయి. సభలో మాత్రం మాట వినబడటం లేదు.

పైన అద్దాల గదిలో మైకమ్మ తన చూపుడువేలి వంక చూసుకుంది. అది ఇంకా మీట మీదే ఉంది. కింద ఎవరి గొంతు వినబడాలన్నా ఆ మీట పైకి ఉండాలి. దాన్ని కిందికి లాగేసింది తనే.

"ఎవరి మైకు కోశావో తెలుస్తోందా?" ఇంజినీరు టీ కప్పుతో సహా పరిగెత్తుకొచ్చాడు. సగం టీ చొక్కా మీదే ఉంది.

"అలవాటులో వేలు దానంతటదే పోయింది సార్."

"పోయింది వేలు కాదమ్మా, మన ఉద్యోగాలు! పైకి తోయ్!"

"కోసిన మైకు మళ్లీ కలపాలంటే భద్రతాధికారి ఒప్పుకోవాలి. ఆ సర్క్యులర్ అంటించింది మీరే."

కింద పెద్దాయన సంగతి తెలియక చేతులు ఊపుతూనే ఉన్నాడు. సభ్యులు బల్లలు చరుస్తూనే ఉన్నారు. ఒక్కడికీ ఒక్క ముక్క వినబడలేదు. అయినా ముందుగా ఆపినవాడు ఎవరి కంట్లో పడతాడోనని అందరికీ భయం.

తలుపు ధడాలున తెరుచుకుంది. భద్రతాధికారి! చేతిలో బేడీలు.

"ఎవరు?"

"నేను టీ తాగుతున్నానండీ," అన్నాడు ఇంజినీరు. అంత నిజం అతను ఆ ఆఫీసులో ఎప్పుడూ చెప్పలేదు.

"నేనే సార్," అంది మైకమ్మ. "ఆయన లిస్టులో మాట అన్నారు."

గోడకు వేలాడుతోంది ఆ లిస్టు. సభలో పలకకూడని మాటలవి. మొదట్లో ఏడంటే ఏడు బూతులు. ప్రతిపక్షం కూడా లేచి నిలబడి మెచ్చుకుంది. ఆ తర్వాత 'లంచం' చేరింది, 'అబద్ధం' చేరింది, ఒక మంగళవారం 'ఎందుకు' కూడా చేరింది. ఇప్పుడు లిస్టు గోడ దిగి నేల మీద చాపలా పరుచుకుంది. ప్రతిపక్షం బెంచీల్లో పూలకుండీలు పెట్టారు. మాట నోట్లోంచి రాగానే మైకమ్మ మీట దించాలి, అన్నవాణ్ణి అధికారి జైలుకు పట్టుకుపోవాలి. అదీ రూలు.

"ఏ మాట?"

"నోటితో చెబితే నన్నూ పట్టుకెళ్తారు. రెండొందల పద్నాలుగు."

అధికారి వంగి, నేల మీద వేలితో వెతికి, ఒకచోట ఆగాడు. 'రాజీనామా'. పైకి చదవలేదు.

"ఎవరిదట?"

"ఆయనదేనండీ. 'నేను' అన్నారు. 'ఈ రోజే' అన్నారు. ఆ మాట అన్నారు. కోసేశాను."

అధికారి నెమ్మదిగా లేచాడు. "చూడమ్మా. నీ కోత తప్పయితే అది దేశద్రోహం, బేడీలు నీకు. కోత రైటయితే..." మిగతాది మింగేశాడు.

ఇంజినీరు ఆమె చెవి దగ్గరకొచ్చాడు. "తప్పేనని ఒప్పేసుకో తల్లీ. పదేళ్లే కదా. మీ ఆయనకు నేను నచ్చజెబుతాను."

"మీరు వెళ్లండి సార్, మీ ఆవిడకు నేను నచ్చజెబుతాను."

మెట్ల మీద ఆయాసం వినబడింది. పెద్దాయనే! మోకాలు పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"కాళ్లు మొరాయిస్తున్నాయి, రాజీనామా చేసి అల్లుణ్ణి కూర్చోబెడదామంటే నా మైకే కోస్తారా?"

ఇంజినీరు చటుక్కున చెవులు మూసుకున్నాడు.

మైకమ్మ కుర్చీలోంచి లేచింది. "అయ్యా, పదకొండేళ్లుగా ఈ మీట నా చేతిలోనే ఉంది. రూలు చూసే కోశాను. మీ రూలే తప్పంటే చెప్పండి, బేడీలు వేయించుకుంటాను."

పెద్దాయన మొహం కందగడ్డ అయింది. "నా రూలు తప్పా? నేను పెట్టిన రూలు ఎప్పుడైనా తప్పయిందా?"

"లేదండీ!" ఇంజినీరుకు చెవులు మూసుకున్నా ఇలాంటివి వినబడతాయి.

"మరి? అందులో ప్రతి మాటా నేనే రాయించాను. 'ఎవరైనా సరే వదలొద్దు' అని చివర రాసిందీ నేనే. ఈ అమ్మాయి రైటుగానే కోసింది!"

అధికారి అద్దంలోంచి కిందికి చూశాడు. సభ మధ్యలో ఎత్తయిన కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపు దాన్నే చూసి, నోటుబుక్కు తీశాడు.

"కోత రైటు," అని రాసుకున్నాడు. "ముద్దాయి పేరు సభకు చెప్పాలి. మీట పైకి తోయమ్మా."

మైకమ్మ తోసింది. ఎర్ర దీపం వెలిగింది. కింద సభ్యులు, ఏం వినబోతున్నారో తెలియకుండానే, బల్లల మీదికి చేతులెత్తి సిద్ధమయ్యారు.

పెద్దాయన మణికట్టు దగ్గర ఏదో టక్కుమంది.

అధికారి మీట పక్కనున్న మైకు ముందుకు వంగి, గొంతు సవరించుకున్నాడు.

"ముద్దాయి... పెద్దాయన!"