నాలుగో కప్పు

"ఇది టీ కాదండీ. పాలు రంగు మార్చుకున్నాయి, అంతే," అంది ఆవిడ, ఒక్క గుక్క చప్పరించి కప్పు బల్ల మీద పెట్టేస్తూ.

"ఇందాకటిదాన్ని కషాయం అన్నావు. పల్చన చేస్తే పాలంటున్నావు. ఈ రెంటికీ మధ్యలో టీ అనేది ఎక్కడుందో నువ్వే చెప్పు," అన్నాడు భర్త, గడియారాల అద్దాలు తుడిచే తెల్లగుడ్డతో నుదురు తుడుచుకుంటూ.

"మధ్యలోనే ఉంటుంది. పట్టుకోవడం తెలియాలి."

"నాన్నా, జడ్జిగారు నీ అప్పీలు కొట్టేశారు," అంది కూతురు సోఫాలోంచి లేవకుండానే.

టీ విషయంలో ఇంట్లో ఆవిడ పేరు జడ్జిగారు. వాళ్ళు వెక్కిరింపుగా పెట్టారు, ఆవిడ బిరుదుగా పుచ్చుకుంది. ఆకు మగ్గిందో మాడిందో ఆవిరిని బట్టి చెప్పగలదు. చక్కెర ముందు పడిందో వెనక పడిందో నాలుక చివర తేల్చేస్తుంది. ఇంత విద్య వల్ల ఆవిడకి ఒరిగిందేమిటంటే, పెళ్ళయిన దగ్గర్నించీ మరొకరి చేతి టీ పూర్తిగా తాగిన పాపాన పోలేదు. చుట్టాలైతే ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే టీ డబ్బా అటకెక్కించి నిమ్మరసం పిండేస్తారు.

ఇవాళ ఆఫీసు మెట్ల మీద జారి కుడి మణికట్టు బెణికింది. డాక్టరు పట్టీ చుట్టి, గిన్నె ఎత్తొద్దని చెప్పి పంపేశాడు. రోజూ కంటే ముందుగా ఇల్లు చేరి, చెప్పులు విప్పుతూనే ఆవిడ కోరిన కోరిక ఒక్కటే. కూర్చున్న చోటికి ఎవరైనా ఓ కప్పు మంచి టీ తెచ్చివ్వాలి. టీ వెంటనే వచ్చింది. 'మంచి' దగ్గరే వచ్చింది చిక్కు.

"నీ నాలుకే నీకు శత్రువమ్మాయ్," అంది అత్తగారు. "కళ్ళు మూసుకుని తాగెయ్యరాదూ? నాకైతే ఏ టీ అయినా ఒకటే."

"మీరు అదృష్టవంతులు అత్తయ్యా. నాకు అన్నీ తెలిసిపోతాయి."

భర్త కింది గదిలో గడియారాలు బాగుచేస్తాడు. వెంట్రుకలాంటి స్ప్రింగుని పట్టకారుతో పట్టి దాని చోట్లో కూర్చోబెట్టే మనిషికి, రెండు చెంచాల టీపొడి వెయ్యడం చేతకాకపోవడమేమిటో అని ఆవిడ ఏళ్ళ తరబడి జాలిపడుతూనే ఉంది.

"ఎంత తిప్పలు పడ్డా నీ చేతి టీ ముందు మావన్నీ దిగదుడుపే," అన్నాడు భర్త. "అలాంటి చెయ్యి ఊరికి ఒక్కరికుంటుంది."

"ఊరికేమిటి నాన్నా, జిల్లాకి," అంది కూతురు.

ఆ మాట వింటే ఆవిడ పొయ్యి మీది పాలలా పొంగిపోతుంది. ఇప్పుడూ పొంగింది. "సర్లెండి, నేనే పెట్టుకుంటా. ఎడంచెయ్యి ఉందిగా," అంటూ లేచింది.

వంటింట్లో గట్టు మీద తడిగా బోర్లించిన మూడు కప్పుల్ని పక్కకి జరిపింది. జల్లెడలోని టీ పిప్పిని చెత్తబుట్టలో దులపబోయి ఆగింది. వంగి చూసింది. ఇంకాస్త వంగింది. చివరికి, టీ రుచి తెలిసినదాన్నని చెప్పుకునేవాళ్ళెవరూ చెయ్యని పని చేసింది. చెత్తబుట్టలోకి ముక్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చింది.

"అమ్మా! ఏం చేస్తున్నావ్?" కూతురు గుమ్మంలో నిలబడిపోయింది.

"వాసన చూస్తున్నా."

"నానమ్మా, అయిపోయింది! అమ్మ చెత్తక్కూడా మార్కులు వేస్తోంది!"

అత్తగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. భర్త మాత్రం నవ్వలేదు.

ఆవిడ ఎడంచేతి గుప్పిట మూసుకుని హాల్లోకి వచ్చి మళ్ళీ తన కుర్చీలోనే కూర్చుంది. ఇందాక తోసేసిన కప్పు అక్కడే ఉంది. చల్లారిపోయి పైన మీగడ కట్టింది. కట్టుతో ఉన్న చేత్తోనే మెల్లగా ఎత్తి, ఒక్క వంక కూడా పెట్టకుండా అడుగంటా తాగేసింది.

ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మాయ్?" అంది అత్తగారు.

"బాగానే ఉంది అత్తయ్యా." ఆవిడ మూతి తుడుచుకుంది. "అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పేస్తా. రేపట్నించి ఈ ఇంట్లో టీ ఆయనే పెడతారు. నా చెయ్యి నయమయ్యాక కూడా."

"నేనా!" భర్త గొంతు కీచుమంది. "ఈ పల్చటి టీ రోజూ తాగుతావా నువ్వు?"

"ఆ ఖర్మ నాకెందుకండీ?"

ఆవిడ గుప్పిట విప్పి బల్ల మీద పెట్టింది. గడియారాల అద్దాలు తుడిచే తెల్లగుడ్డ, దాన్ని ముడేసి కట్టిన చిన్న మూట. ముడి సడలిన చోట దంచిన అల్లం, పువ్వులా విచ్చుకున్న టీ ఆకు కనిపిస్తున్నాయి. ఇంకా తడిగానే ఉంది.

"మూతకింద ఎంత నెమ్మదిగా మగ్గితే ఇంత వాసన వస్తుందో నాకు తెలుసు. నా వల్ల ఎప్పుడూ కాలేదు," అంది జడ్జిగారు. "రోజూ నేను ఆఫీసు నించి వచ్చేలోపు మీరు ముగ్గురూ తాగే టీనే పెట్టండి. కప్పులు మాత్రం నాలుగు."